బ్యాగులో పట్టే రేడియో స్టేషన్: రిటైరయ్యాక ఒక ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టానంటే

ఇంట్లో హామ్ రేడియో స్టేషన్ ఉంది, అంటే ఔత్సాహికులు సరదాకి ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. 100 వాట్ల రిగ్ (పంపడానికీ వినడానికీ ఒకటే పెట్టె), బరువైన పవర్ సప్లై, పైకప్పు మీద డైపోల్ యాంటెన్నా, అన్నీ ఉన్నాయి గానీ ఏమీ వినబడదు. చుట్టుపక్కల ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సోలార్ ప్యానెళ్ళ ఇన్వర్టర్లు అన్నీ కలిసి 7 మెగాహెర్ట్జ్ మీద రాత్రీ పగలూ, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద ఎస్7 దాకా గరగర పోస్తుంటే, దాని అడుగున ఉన్న స్టేషన్లని వెతుక్కోవడంతోనే సాయంత్రం అయిపోతుంది. ఆ గరగర గంటసేపు విన్నాక చెవుల కంటే ముందు ఓపిక అరిగిపోతోంది. అందుకని స్టేషన్‌నే గరగర లేని చోటికి మోసుకెళ్ళాలని తీర్మానించుకున్నాను. రిటైరయ్యాక టైముకి కరువు లేదు, మోసే శక్తే కాస్త తగ్గింది.

కాబట్టి ఈ ప్రాజెక్టుకి పెట్టుకున్న షరతులు ఇవి. బ్యాగు మొత్తం 5 కిలోలు దాటకూడదు. ఎవరి సాయం లేకుండా పావుగంటలో నిలబెట్టగలగాలి. నేల మీద కూర్చునే పని ఉండకూడదు. ఎంత దూరం మాట్లాడగలనన్నది ఆ తర్వాత చూసుకుందాం. ఆఖరి షరతు చూసి కుర్రాళ్ళు నవ్వుకోవచ్చు. కూర్చోవడంలో ఇబ్బందేం లేదు, లేవడం దగ్గరే వస్తుంది తంటా.

వాట్ల లెక్క

100 వాట్ల నుంచి 5 వాట్లకి దిగితే పోయేది 13 డెసిబెళ్ళు. ఎస్ మీటర్ మీద ఒక్కో అంకె 6 డెసిబెళ్ళ చొప్పున లెక్క, అంటే అవతలివాళ్ళ మీటర్ మీద నా సిగ్నల్ రెండు అంకెలు, ఇంకాస్త పడిపోతుంది. ఎస్9గా వినబడేవాణ్ణి ఎస్7కి కొంచెం కిందుగా వినబడతాను, అంతే. అదే ఊరి బయట ఖాళీ స్థలంలో నా దగ్గరి నాయిస్ ఎస్7 నుంచి ఎస్1కి దిగితే, కాగితం మీద అది 36 డెసిబెళ్ళు. అసలు ఎస్ మీటర్లు అంత నిజాయితీగా ఉండవనుకోండి, సగమే నమ్మినా పంపడంలో పోయినదానికంటే వినడంలో వచ్చేది ఎక్కువ. ఈ లెక్క వేసుకున్నాక పెద్ద రిగ్‌ని మోసుకెళ్ళే ఆలోచన వదిలేశాను. దానికి పూర్తి పవర్ మీద 20 ఆంపియర్ల దాకా కావాలి, ఆ కరెంటిచ్చే బ్యాటరీ ఎత్తాలంటే నా నడుము ఒప్పుకోదు.

మోర్స్‌లో (చుక్కలూ గీతల భాష) 5 వాట్లు, వాయిస్‌లో 10 వాట్ల పీక్ దాకా క్యూఆర్‌పీ, అంటే తక్కువ పవర్, అంటారు. నేను తీసుకున్న చిన్న రిగ్ కిలో బరువు. మెనూ అక్షరాలు మాత్రం చీమల బారులా ఉన్నాయి. చదువుకునే కళ్ళజోడు బ్యాగులో పడేసే వస్తువుల్లో మొదటిదైంది. రోజూ వాడే ఫ్రీక్వెన్సీలని, అంటే 7.030, 14.060 లాంటివి, రిగ్ మెమరీలో వేసి, వాటినే పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి మూతకి అంటించాను. మెనూల్లోకి వెళ్ళే అవసరం చాలావరకు తప్పింది.

బ్యాటరీ

దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, నాలుగు సెల్స్, 12.8 వోల్టులు, 6 ఆంపియర్ అవర్. రిగ్ వింటున్నప్పుడు 0.4 ఆంపియర్, పంపుతున్నప్పుడు 1.8 చిల్లర లాగుతుంది. మోర్స్‌లో పంపే టైములో కూడా సగం సేపు కీ పైకే ఉంటుంది కాబట్టి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆడినా సగం కూడా ఖర్చు కావట్లేదు. సీసం బ్యాటరీలో వోల్టేజీ మెల్లగా జారిపోతుంటుంది, ఇందులో చివరిదాకా దాదాపు ఒకే చోట నిలబడుతుంది, రిగ్‌కి అది సుఖం. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు మాత్రం దీన్ని చార్జ్ చేయకూడదు, సెల్స్ పాడవుతాయి. సామర్థ్యం 77 వాట్ అవర్లు, అంటే విమానాల్లో సాధారణంగా విడి లిథియం బ్యాటరీలకి పెట్టే 100 వాట్ అవర్ల హద్దుకి లోపలే. చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. ప్లస్సూ మైనస్సూ తిరగబడని కనెక్టర్, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్, ఈ రెండూ లేకుండా ఎవరూ బయల్దేరకండి.

టొరాయిడ్ చుట్టడం

ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. యాంటెన్నాకి ఎండ్‌ఫెడ్ హాఫ్‌వేవ్, అంటే ఒక చివర్లోంచి పవర్ ఇచ్చే సగం తరంగం పొడవు వైరు, ఎంచుకున్నాను. డైపోల్ అయితే మధ్యలోంచి కేబుల్ వేలాడాలి, ఆ బరువుని పైకెత్తాలి. దీన్ని ఒక చివర పట్టుకుని కడితే చాలు, కేబుల్ కిందే ఉంటుంది. చిక్కేమిటంటే సగం తరంగం పొడవున్న వైరుకి చివర్లో ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకి ఎదురయ్యే అడ్డు) కొన్ని వేల ఓమ్‌లు, రిగ్ అడిగేది 50. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

ఎఫ్‌టీ140-43 ఫెర్రైట్ రింగు తీసుకున్నాను, టొరాయిడ్ అంటే ఇదే. 140 అంటే బయటి వ్యాసం 1.4 అంగుళాలు, 43 అంటే ఫెర్రైట్ రకం. ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14 చుట్లు. చుట్ల నిష్పత్తి 1:7, దాన్ని వర్గం చేస్తే ఇంపిడెన్స్ 1:49, కాబట్టి 50 ఓమ్‌లు 2450 అవుతాయి. ఎనామిల్ రాగితీగ మీది పూతని చివర్లలో శుభ్రంగా గీకకపోతే టంకం పట్టదు, ఈ పని వెలుతురులో భూతద్దం పెట్టుకుని నిదానంగా చేసుకోవాలి. చేతులు కాస్త వణుకుతాయి కాబట్టి సోల్డరింగ్ చేసేటప్పుడు రింగుని చిన్న వైస్‌లో బిగించి, మణికట్టుని బల్ల అంచుకి ఆనించి చేశాను. అలా ఆనిస్తే వణుకు పెద్దగా అడ్డురాదు. ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాని పని పెద్దగా తెలియదు గానీ 21, 28 దగ్గరికి వచ్చేసరికి అది లేకపోతే మ్యాచ్ చెడుతుంది.

పరీక్ష ఇంట్లోనే. 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి 270 ఓమ్‌లది వరసలో కలిపితే 2470. దాన్ని యాంటెన్నా చోట తగిలించి నానో వీఎన్ఏతో (యాంటెన్నాలు కొలిచే చిన్న పరికరం) చూస్తే 7 నుంచి 21 దాకా ఎస్‌డబ్ల్యూఆర్ రెండు లోపే ఉంది. మ్యాచ్ ఎంత కుదిరిందో చెప్పే అంకె ఇది, ఒకటికి దగ్గరైతే మంచిది. 28 దగ్గర కొంచెం పైకి పోయింది, చిన్న రింగుతో ఇది మామూలే. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది కదా అని పవరంతా వైరులోకే పోతోందని కాదు, కొంత రింగుని వేడి చేయడానికి పోతుంది. 5 వాట్లకి ఆ వేడి చేతికి కూడా తెలియదు, అదే రింగులో 100 వాట్లు పోస్తే మాడుతుంది.

వైరు, కర్ర, తాడు

7.030కి సగం తరంగం 21.3 మీటర్లు. వైరుకి దాన్ని 0.95తో గుణించి 20.3 అనుకుంటాం, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. నేను 21 మీటర్లతో మొదలుపెట్టి, చివర కత్తిరించకుండా వెనక్కి మడిచి అదే వైరుకి మెలేస్తూ వచ్చాను. మడత కూడా కత్తిరింపులాగే పనిచేస్తుంది, పైగా నచ్చకపోతే విప్పుకోవచ్చు. ఈ పొడవు 7తో పాటు 14, 21, 28 బ్యాండ్లకీ సరిపోతుంది, ఎందుకంటే అవన్నీ 7కి గుణిజాలు.

కేబుల్ విషయంలో బరువు మీద మోజు అతి కాకూడదు. సన్నటి ఆర్‌జీ-174 తేలిక, చుట్టుకుంటే గుప్పిట్లో పడుతుంది, కానీ 14 మెగాహెర్ట్జ్ దగ్గర 7, 8 మీటర్లకే డెసిబెల్ దాకా తినేస్తుంది. అంటే ఉన్న 5 వాట్లలో ఒకటి దారిలోనే గోవిందా. అందుకని 5 మీటర్లకే ఆపాను. రిగ్ వైపు చివర కేబుల్‌ని ఇంకో ఫెర్రైట్ రింగు మీద చుట్టి చోక్ చేశాను. అది లేనప్పుడు ఆర్‌ఎఫ్ (పంపుతున్న రేడియో పవర్) కేబుల్ బయటి పొర మీదుగా రిగ్ దాకా వచ్చేస్తోంది, చుక్కలూ గీతలూ తయారుచేసే కీయర్ తిక్కతిక్కగా చుక్కలు కొట్టడం చూస్తే తెలిసిపోతుంది.

వైరుని పైకెత్తడానికి అందరూ చెప్పేది చెట్టుకొమ్మ మీదికి బరువు కట్టిన తాడు విసరడం. ఇరవై ఏళ్ళ క్రితమైతే సై అనేవాణ్ణి. భుజం కీలు గురించి ఆలోచించి 7 మీటర్ల ఫైబర్‌గ్లాస్ టెలిస్కోపిక్ కర్ర కొన్నాను. మడిస్తే చేతికర్ర అంత. పార్కు బెంచీ కాలుకో, కంచె స్తంభానికో వెల్‌క్రో పట్టీలతో కట్టి, వైరు మధ్యభాగాన్ని కొనకి తగిలించి, రెండు చివర్లనీ కిందికి వాలుగా కట్టేస్తే తలకిందుల వి ఆకారం. మడిచేటప్పుడు గొట్టాలు బిగుసుకుపోతే లాగి కుస్తీ పట్టక్కర్లేదు, రెండు చేతులతో కొద్దిగా మెలితిప్పి కిందికి నొక్కితే వదులుతాయి.

కరెంటు తీగలు కనిపించే చోట కర్ర అసలు తీయను. కర్ర పడినా, వైరు ఎగిరినా తీగల దాకా పోలేనంత దూరం ఉండాలి. ఉరుము వినిపించిందంటే లాగ్‌బుక్ మూసేయడమే, అవతల ఎంత అరుదైన స్టేషన్ పిలుస్తున్నా సరే. పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్ళు ముందే డాక్టర్‌తో మాట్లాడుకుని, యాంటెన్నాకి ఎడంగా కూర్చోవాలి. కేబుల్ పొడవు కొంత ఉంచుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

చెవులు, మోర్స్

వాయిస్‌లో నాకు ఇబ్బంది మొదలై చాలా కాలమైంది. వయసుతో ముందు పోయేది పై ఫ్రీక్వెన్సీల వినికిడి. ఎస్, ఎఫ్, టి లాంటి హల్లులు అక్కడే ఉంటాయి, నాయిస్ మధ్యలో కాల్‌సైన్ (ఒక్కో స్టేషన్‌కి ఉండే గుర్తింపు అక్షరాలు) వింటే ఎఫ్‌కీ ఎస్‌కీ తేడా తెలియదు. అల్ఫా బ్రావో చార్లీ అంటూ చెప్పేది ఇందుకే, అయినా మళ్ళీ మళ్ళీ అడిగించుకోవాల్సి వస్తుంది. మోర్స్‌లో ఈ గొడవ లేదు. ఉన్నది ఒకే స్వరం, దాన్ని 500 దగ్గర పెట్టాలో 650 హెర్ట్జ్ దగ్గర పెట్టాలో నా చెవికి నచ్చినట్టు నేనే తిప్పుకుంటాను. ఆ మెట్టులో నా చెవి ఇంకా బాగానే పనిచేస్తోంది. దానికి తోడు ఫిల్టర్‌ని వాయిస్‌కి కావలసిన 2400 హెర్ట్జ్ నుంచి 500కి కుదిస్తే నాయిస్ దాదాపు 7 డెసిబెళ్ళు తగ్గుతుంది. ముసలి చెవులకి మోర్స్ కష్టమని ఎవరన్నారో గానీ, నాకు వాయిస్ కంటే ఇదే సుఖంగా ఉంది.

వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ళకి ఒక సూచన. ఒకే స్వరం ఆగకుండా వస్తే కొన్ని యంత్రాలు దాన్ని ఈలగా భ్రమపడి అణచేస్తాయి. సంగీతం వినడానికి విడిగా ప్రోగ్రాం ఉంటే అందులోకి మార్చి చూడండి, లేదా యంత్రం తీసేసి చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

చిన్నప్పుడు పరీక్ష కోసం నేర్చుకున్న మోర్స్ ఎప్పుడో తుప్పు పట్టింది. మళ్ళీ మొదటి నుంచి కోఖ్ పద్ధతిలో మొదలుపెట్టాను. 1930లలో లుడ్విగ్ కోఖ్ అనే జర్మన్ మనస్తత్వవేత్త పెట్టిన పద్ధతి ఇది. రెండు అక్షరాలతో మొదలుపెట్టి, వాటిని పూర్తి వేగంలోనే వింటూ, నూటికి తొంభై సరిగ్గా పట్టుకున్నాకే ఇంకో అక్షరం చేర్చుకోవాలి. నిమిషానికి 20 పదాల వేగంలో ఒక చుక్క 60 మిల్లీసెకన్లు, అంత తొందరలో చుక్కలూ గీతలూ లెక్కపెట్టే వీలే ఉండదు, అక్షరమే ఒక ధ్వనిగా చెవిలో పడాలి. నేను చేసిన మార్పు ఒకటే, అక్షరాల మధ్య ఖాళీలని బాగా పెంచాను. దీన్ని ఫార్న్స్‌వర్త్ అంటారు. ధ్వని వేగంగానే ఉంటుంది, ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం ఇంకో పదిహేను, అంతకంటే కూర్చుంటే లాభం లేదు. వయసులో ఉన్నవాళ్ళంత తొందరగా ఎక్కలేదు, ఎక్కింది మాత్రం నిలిచింది.

కంప్యూటర్‌తో నడిచే ఎఫ్‌టీ8 పద్ధతి ఉండగా ఇదంతా ఎందుకని నన్ను చాలామంది అడిగారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. 15 సెకన్ల ముక్కల్లో సందేశాలు పంపుతూ, చెవికి అసలు వినబడని సిగ్నళ్ళని కంప్యూటర్ పట్టేస్తుంది. దాన్ని 2017లో స్టీవ్ ఫ్రాంకీతో కలిసి తెచ్చిన జో టేలర్‌కి అప్పటికి 76 ఏళ్ళు, అంతకుముందే 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి. వయసైపోయిందని ఎవరైనా అంటే నేను చెప్పే పేరు ఇదే. కానీ ఎండలో లాప్‌టాప్ తెర కనబడదు, దానికి ఇంకో బ్యాటరీ, ఇంకో కేబుల్, కచ్చితమైన గడియారం. నా 5 కిలోల్లో వాటికి చోటు లేదు.

బయట

మడత కుర్చీ, ఒళ్ళో పెట్టుకునే పలక, పక్కన రిగ్. పలకకి పాడిల్‌ని (మోర్స్ కొట్టే మీట) అయస్కాంతంతో అంటించాను. గాలి కొద్దిగా ఉన్న ఉదయం, 14.060కి కొంచెం పక్కన ఖాళీ చూసుకుని సీక్యూ, అంటే ఎవరైనా పలకండి అని, పిలిచాను. ఎవరూ పలకలేదు. ఇలాంటప్పుడు యాంటెన్నా పనిచేస్తోందా లేదా అన్న అనుమానం పీడిస్తుంది, దానికి మందు రివర్స్ బీకన్ నెట్‌వర్క్. ప్రపంచమంతా స్వచ్ఛందంగా నడుపుతున్న రిసీవర్లు మోర్స్‌లో వచ్చే సీక్యూలని వాటంతట అవే చదివి, ఏ కాల్‌సైన్ ఎంత బలంగా వినబడిందో నెట్‌లో పెడతాయి. ఫోన్ తెరిచి చూస్తే నా కాల్‌సైన్ అక్కడ ఉంది, దగ్గర్లో కాదు, 3000 కిలోమీటర్ల పైన, నాయిస్ కంటే 9 డెసిబెళ్ళు ఎత్తుగా. ఇంకేం, టెన్షన్ లేకుండా పిలుస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఒకాయన పలికాడు. ఎంత బాగా వినబడుతోందో చెప్పే మార్కుల్లో నాకు 559 ఇచ్చాడు, నేను 579 ఇచ్చాను. నేను రెండోసారి పేరు అడిగితే విసుక్కోకుండా వేగం తగ్గించి పంపాడు. మోర్స్‌వాళ్ళలో ఈ మర్యాద ఇంకా ఉంది.

దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు, మాట్లాడాలనే ఉంటుంది గానీ అక్షరాలు పట్టుకుంటున్నప్పుడు నోరు తెరిస్తే అంతా పోతుంది. కుర్చీకి ఒక అట్ట తగిలించాను. "రేడియో వింటున్నానండీ, ఐదు నిమిషాలాగితే అన్నీ చెబుతాను." ఆగేవాళ్ళు ఆగుతున్నారు.

ఎక్కడికి వెళ్తున్నానో, ఎప్పటికి తిరిగొస్తానో ఇంట్లో చెప్పే వెళ్తాను. మాటిచ్చిన టైము దాటితే, ఇంకొక్క కాంటాక్ట్ అనే ఆశ ఉన్నా సర్దేస్తాను.

బ్యాండ్ మాయమైన మధ్యాహ్నం

ఇది విడిగా రాయాలి. 14 మెగాహెర్ట్జ్ కిటకిటలాడుతోంది, నేను ఒకరితో మాట్లాడుతున్నాను, ఉన్నట్టుండి ఆయనతో సహా అందరూ మాయం. మామూలుగా సిగ్నల్ అలల్లా పడి లేస్తుంది, ఇది తలుపు వేసినట్టు పోయింది. నాయిస్ కూడా తగ్గిపోయింది. కనెక్టర్లు కదిపాను, వైరు తెగిందేమో చూశాను, వీఎన్ఏ పెడితే యాంటెన్నా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఫోన్‌లో అంతరిక్ష వాతావరణం చూస్తే సూర్యుడి మీద పెద్ద జ్వాల. దాని ఎక్స్ కిరణాలు వెలుతురుతో పాటే ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికొచ్చి, పగటి వైపు పై వాతావరణంలో ఉన్న డి పొరని ఒక్కసారిగా చిక్కబరుస్తాయి, ఆ పొర షార్ట్‌వేవ్‌ని మింగేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలకి దెబ్బ ఎక్కువ, అవి కోలుకోవడం కూడా ఆలస్యమే. అందుకని 28కి మారి కనిపెట్టుకుని కూర్చున్నాను, ముందు అక్కడే ఒకటీ అరా వినబడటం మొదలైంది, తర్వాత 21, ఆ తర్వాత 14. ఎదురుచూస్తూ పై నుంచి కిందికి బ్యాండ్లు ఒక్కొక్కటే తెరుచుకోవడం వినడం ఆ రోజు చేసిన కాంటాక్టులన్నిటికంటే బాగుంది.

సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే సౌరచక్రాల్లో, 2019 డిసెంబర్‌లో మొదలైన 25వ చక్రం వల్ల ఇలాంటివి వచ్చాయి, అదే చక్రం పుణ్యాన 28 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్లతో ఖండాలు దాటడం కూడా కుదిరింది. చక్రం సగటున 11 ఏళ్ళు. తర్వాతి శిఖరం దాకా ఆగుదామని వాయిదా వేసే వయసు కాదు నాది, ఉన్న బ్యాండ్‌తోనే ఆడుకోవాలి.

కొండలు, పార్కులు

కొండల మీంచి రేడియో ఆడే సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ కార్యక్రమం 2002లో మొదలైంది, కొండ కొనకి నిలువునా 25 మీటర్ల లోపు నుంచి 4 కాంటాక్టులు చేస్తే పాయింట్లు. వాహనం బ్యాటరీ వాడకూడదు. పార్క్స్ ఆన్ ది ఎయిర్‌లో 10 కాంటాక్టులు కావాలి గానీ పార్కు హద్దుల్లో ఎక్కడైనా కూర్చోవచ్చు, కారు పక్కనే అయినా సరే. మోకాళ్ళని అడిగి పార్కుల వైపు మొగ్గాను. పది కాకపోతే పాయింట్ రాదు, లాగ్ మాత్రం పంపొచ్చు, అవతలివాళ్ళకి అది లెక్కలోకొస్తుంది. ముందుగా ఫ్రీక్వెన్సీ ప్రకటిస్తే మనం వెతకక్కర్లేదు, ఇలాంటి స్టేషన్లని పట్టుకునే వేటగాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. ఒక్కోసారి ముగ్గురు నలుగురు ఒకేసారి పిలిస్తే చివరి రెండక్షరాలు పట్టుకుని వాటితోనే బదులివ్వాలి, తక్కినవాళ్ళు ఆగుతారు. ఇది నాకింకా పూర్తిగా లొంగలేదు.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది

వంటింటి తూకంలో బ్యాగు 4.6 కిలోలు, కుర్చీ కాకుండా. కుర్చీని లెక్కలోకి తీసుకోనని నాకు నేనే వెసులుబాటు ఇచ్చుకున్నాను.

తర్వాత చేరాల్సింది 10.1 మెగాహెర్ట్జ్ బ్యాండ్. ఇది 1979 అంతర్జాతీయ రేడియో సదస్సులో ఔత్సాహికులకి దక్కిన మూడింటిలో ఒకటి. ఇక్కడ కాంటెస్టులు ఉండవు, వాయిస్ దాదాపు ఉండదు, పగలూ రాత్రీ ఏదో ఒక దిక్కు తెరిచే ఉంటుంది, నాలాంటివాళ్ళకి చేసిపెట్టినట్టుంది. ఇది 7 గుణిజాల్లోకి రాదు, ఇప్పుడున్న వైరు దీనికి కుదరదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 14 మీటర్ల దగ్గర వైరుని తెంపి, మధ్యలో చిన్న ఇన్సులేటర్, పక్కన విప్పి తగిలించుకునే లింకు పెడుతున్నాను. విప్పితే 10.1, తగిలిస్తే 7. లింకు వాలులో ఎంత ఎత్తున పడుతుందో లెక్క వేశాను, ట్రాన్స్‌ఫార్మర్ చివరని కర్ర దగ్గరికి జరిపి, అవతలి చివర కట్టు విప్పి వైరుని వదిలితే లింకు నిలబడి చేతికందే ఎత్తుకి వస్తుంది, కర్ర దించే పని ఉండదు. క్రొకడైల్ క్లిప్ గాలికి ఊడుతుందనిపించి బుల్లెట్ కనెక్టర్లు తెప్పించాను, సోల్డరింగ్ రేపు పగటి వెలుతురులో.